మా వదిన గెస్టుగా దిగిన గది

మా వదినకు ఊరికే కూర్చోవడం చేతకాదు. ఇది మెచ్చుకుంటూ అంటున్న మాట కాదు, ప్రాణం విసిగి అంటున్న మాట. చుట్టపుచూపుగా మా ఇంటికి వచ్చిందంటే, నేను కాఫీ కలిపేలోగా నా వంటింటి గట్టు తుడిచేస్తుంది. "ఇది నా ఇల్లు తల్లీ!" అని మొత్తుకుంటే, "తుడిస్తే అరిగిపోతుందా ఏం?" అంటుంది. ఒకసారి ఆవిడకు ఆపరేషన్ అయింది. కాస్త లేచి తిరగగలిగిన రోజే తన మంచం మీద దుప్పటి ముడత లేకుండా సర్దేసి బాత్రూముకు వెళ్ళింది. నర్సు వచ్చి ఆ పక్క చూసి, పేషెంటు పారిపోయిందని వార్డంతా గగ్గోలు చేసింది.

ఆవిడను అని మాత్రం ఏం లాభం? పెళ్ళయిన కొత్తలోనే లాడ్జీలో గదులు సర్దే పనిలో చేరింది. మా అన్నయ్య పనిచేసే అచ్చాఫీసు మూతపడ్డాక ఇల్లు గడిచింది ఆవిడ రెక్కల మీదే. అన్నయ్య పోయినప్పుడు కూడా దినాలు కాగానే మళ్ళీ పనికి వెళ్ళింది. ఎవరెవరో పడుకుని లేచిన పక్కలు జీవితమంతా దులిపింది గాని, తను వేసిన పక్క మీద ఏనాడూ నడుం వాల్చలేదు. లాడ్జీల్లో పనివాళ్ళు మంచం అంచున కూర్చున్నా ఊరుకోరు.

మా ఊళ్ళో పాత తంతి ఆఫీసు, అదే టెలిగ్రాముల ఆఫీసు, తంతులు ఆగిపోయాక పావురాల పాలైంది. ఈమధ్య ఎవరో దాన్ని కొని, పడగొట్టకుండా బాగుచేయించి హోటలుగా మార్చారు. గోడలకు సున్నం పాత పద్ధతిలోనే పూయించారు. చెక్కమెట్లు మళ్ళీ నున్నగా మెరుస్తున్నాయి. ఒకప్పుడు తంతి ఇవ్వడానికి జనం వరసలో నిలబడ్డ కిటికీ దగ్గరే ఇప్పుడు గది తాళాలు ఇస్తారు. గదులు తక్కువ, హంగులు ఎక్కువ. ఇంకా తెరవకముందే వదినకు అక్కడ పని దొరికింది. ఆవిడ మాట మీద కోడల్ని కూడా తీసుకున్నారు, కాకపోతే పరీక్షలో నెగ్గితేనే ఉద్యోగం ఖాయమన్నారు.

కోడలంటే లారీ నడిపే వాళ్ళబ్బాయి భార్య. ఆ పిల్లకు నోట్లో నాలుక లేదని అందరూ అంటారు. ఉంది, వాడే అవకాశమే రాలేదు. ఇంట్లో గరిటె పట్టుకోబోతే అత్తగారు లాక్కుంటుంది. "నువ్వు కూర్చోమ్మా, నేను చేస్తాగా" అంటుంది. ప్రేమే, కాదనను. కాని హోటల్లో పని నేర్పే రోజుల్లో కూడా అదే వరస! కోడలికి అప్పగించిన గదిలో దూరడం, ఆ పిల్ల వేసిన పక్కను ఇంకోసారి లాగడం. దాంతో పేరు కోడలిది, పని అత్తది అని తోటివాళ్ళు చెవులు కొరుక్కోవడం మొదలెట్టారు.

ఆ పిల్ల నా దగ్గరికొచ్చి ఏడ్చింది. "చిన్నత్తయ్యా, నా చేతుల్తో నేను సంపాదించుకున్నానని ఒక్కసారి అనిపించుకోవాలని ఉంది. ఈ ఉద్యోగం పోతే మళ్ళీ ఇంట్లో బొమ్మలా కూర్చోవాలి."

"పోదులేవే" అన్నాను. మా వదినను తక్కువ అంచనా వేశాను.

తెరిచేముందు హోటలువాళ్ళు ఒక పద్ధతి పెట్టారు. పనివాళ్ళు ఒక్కొక్కరూ అయినవాళ్ళలో ఒకరిని వెంటబెట్టుకుని, ఒక రోజు గెస్టుగా ఉండాలి. గెస్టు ఎలా ఉంటాడో వాళ్ళకు తెలియాలట. మర్నాడు ఆ గదిని కొత్తవాళ్ళలో ఒకరు సూపర్‌వైజర్ ఎదుట శుభ్రం చేయాలి. అదే పరీక్ష. ఎవరికి ఏ గది అనేది చీటీలు తీస్తే, మా వదిన గది ఆవిడ కోడలికే వచ్చింది. వదిన నన్ను వెంట తీసుకెళ్ళింది.

అబ్బ, ఏం గది! ఎత్తయిన కప్పు, చెయ్యి చాపినా అవతలి అంచు అందనంత మందం గోడలో కిటికీ, కూర్చుంటే మనల్ని మింగేసే పరుపు. నేను చెప్పులు విడిచి మంచం మీద దొర్లాను. వదిన మాత్రం మంచం కింద వేలు పెట్టి దుమ్ము చూసింది. కాఫీ తెచ్చిన కుర్రదానికి ఎదురెళ్ళి ట్రే, ఫ్లాస్కూ అందుకుంది. ఖాళీ కప్పులు తనే కడగబోతే రెక్క పట్టుకుని కూర్చోబెట్టాను. "గెస్టువి వదినా! గెస్టులా ఏడువు!" అన్నాను. పొద్దున లేచి చూస్తే, దుప్పటి నలుగుతుందేమోనని మంచం అంచున కర్రలా బిగదీసుకుని పడుకుని ఉంది.

నేను స్నానం చేసి బట్టలు కట్టుకుని వచ్చి చూద్దును కదా! పక్క గీత గీసినట్టు ఉంది. గ్లాసులు బోర్లించి ఉన్నాయి. చెత్తబుట్ట ఖాళీ. వదిన నన్ను దాటుకుని బాత్రూములోకి దూరి, అద్దం మీది ఆవిరి కూడా తుడిచేస్తోంది.

"ఏం చేశావు వదినా!"

"ఏం చేశాను? అలా వదిలేసి వెళ్తే ఏమనుకుంటారు?" ఆ మాట అన్నాక ఆవిడకే వెలిగింది. చేతిలో గుడ్డ కిందపడింది. అప్పటికే తలుపు దగ్గర సూపర్‌వైజరమ్మ, ఆవిడ వెనక కోడలు నిలబడి ఉన్నారు.

సూపర్‌వైజరమ్మ గదంతా కలియజూసింది. అరవలేదు. "అందరూ అంటుంటే నేను నమ్మలేదు. ఇప్పుడు ఈ పిల్లను దేన్ని చూసి పాస్ చెయ్యమంటారు?" అంది.

"తప్పు నాది మేడమ్, దాన్నేమీ అనకండి" అంటూ వదిన దుప్పటి చివర పట్టుకుని లాగేయబోయింది.

"వద్దు. మీరు చెరిపినా అది మీ పనే అవుతుంది."

కోడలు అత్తగారి వైపు తిరిగింది. గొంతు పెద్దది చేయలేదు. "నా కడుపు కొట్టారత్తయ్యా" అంది. అన్నయ్య పోయిన రోజున కూడా వదిన ముఖం అంతగా పాలిపోవడం నేను చూడలేదు.

నాకు తిక్క రేగింది. చెప్పుల కాళ్ళతోనే మంచమెక్కి బోర్లా పడుకున్నాను. దిండ్లు చెరో మూలకు విసిరాను. ఫ్లాస్కులో మిగిలిన కాఫీ తీసి దుప్పటి మీద ధారగా పోశాను. నా పౌడర్ డబ్బా బోర్లించి నేలంతా దులిపాను.

"ఏంటమ్మా ఇది!" అంది సూపర్‌వైజరమ్మ.

"గెస్టునమ్మా! ఈ గదికి ఇద్దరం గెస్టులం. ఆవిడ గెస్టులా ఉండలేకపోతే నేనున్నాను కదా? గది ఖాళీ చేయడానికి మధ్యాహ్నం దాకా టైముందన్నారు. ఇదిగో, ఇప్పుడు ఖాళీ చేస్తున్నాను!"

ఆవిడ నవ్వు ఆపుకోవడానికి తంటాలు పడింది. తర్వాత వదిన వైపు చూసి, "సరే. ఈవిడ మాత్రం ఆ కుర్చీలో కూర్చోవాలి. లేచినా, ఒక్క మాట మాట్లాడినా పరీక్ష అక్కడితో సరి" అంది.

వదిన కూర్చుంది. కోడలు మొదలుపెట్టింది. వదిన ఎప్పుడూ బాత్రూము ఆఖరున కడుగుతుంది, ఈ పిల్ల ముందే కడిగింది. వదిన పెదవి కొరుక్కుంది. పిల్ల తడిసిన దుప్పటి తీసి, కింద పరుపు దాకా కాఫీ దిగిందేమోనని అరచేత్తో అదిమి చూసింది. ఆ అదమడం ఆవిడ నేర్పిందే. కొత్త దుప్పటి మూలలు మాత్రం ఆవిడలా మడవలేదు, తనకు వచ్చినట్టు మడిచింది. వదిన వేళ్ళు కుర్చీ చేతుల్ని నలిపేస్తున్నాయి. లేస్తుందేమోనని నేను గుడ్లురిమి చూస్తూనే ఉన్నాను.

పిల్ల పౌడరంతా ఊడ్చింది. తడిగుడ్డ పెడుతూ పెడుతూ కుర్చీ దగ్గరికి వచ్చింది.

"కాళ్ళు పైకెత్తండి అత్తయ్యా."

వదిన మోకాళ్ళు బిగుసుకున్నాయి. లేచి ఆ గుడ్డ లాక్కోవడానికి ఆవిడ ఒళ్ళంతా సిద్ధమైపోయింది. ఆవిడ లేవలేదు. మెల్లగా రెండు కాళ్ళూ పైకెత్తి, చిన్నపిల్లలా గాల్లో పెట్టుకుని కూర్చుంది. కోడలు వంగి ఆ కాళ్ళ కింద మూలమూలా తుడిచింది. వదిన బుగ్గల మీద కన్నీళ్ళు కారిపోతున్నాయి, తుడుచుకోవడానికి కూడా చెయ్యి కదపలేదు. పుట్టిల్లు, అత్తిల్లు, లాడ్జీలు, ఎక్కడా ఆవిడ కూర్చుని ఉండగా ఆవిడ కాళ్ళ కింద ఊడ్చినవాళ్ళు లేరు. మా అన్నయ్యా ఊడ్చలేదు, నేనూ ఊడ్చలేదు. నాకు ఏడుపొచ్చింది.

సూపర్‌వైజరమ్మ గదంతా మళ్ళీ తిరిగి చూసింది. "కిటికీ రెక్క వెనక దుమ్ము వదిలేశావు. అది చూసుకో. రేపట్నుంచి డ్యూటీకి వచ్చెయ్" అని చెప్పి వెళ్ళిపోయింది.

పిల్ల కిటికీ దగ్గరికెళ్ళి ఆ రెక్క తుడిచింది. వదిన కాళ్ళు ఇంకా గాల్లోనే ఉన్నాయి, వణుకుతున్నాయి కూడా.

"ఇక దించొచ్చామ్మా?" అని అడిగింది కోడల్ని.

కోడలు వెనక్కి తిరిగి నేల వైపు చూసింది. "ఇంకాసేపు ఉండండత్తయ్యా. తడి ఆరలేదు."