అరకప్పు బొప్పాయి

బట్టలు కుట్టే ఆవిడ కొలతకు ఆ వీధిలో ఎవరూ ఏనాడూ వంక పెట్టలేదు. ఆమె భర్త బస్సు డ్రైవరు. అవసరం ఉన్నా లేకపోయినా మోగిస్తాడని అతన్ని అందరూ హారన్ అనేవారు. మూత్రపిండాలు పాడయ్యాక అతని గొంతే సన్నబడిపోయింది. ఆస్పత్రికి వెళ్లి రక్తం శుద్ధి చేయించుకోవడం, ఇంటికొచ్చి పథ్యం తినడం. తాగే నీళ్లకూ హద్దే. పండ్లలో పొటాషియం ఉంటుందనీ, అది ఒంట్లో ఎక్కువైతే గుండెకే ప్రమాదమనీ చెప్పి, అక్కడి ఆహార సలహాదారు రోజుకు అరకప్పు బొప్పాయి ముక్కలకు మాత్రం ఒప్పుకుంది. అతను ఎదురుచూసేది ఆ అరకప్పు కోసమే.

ఇంతలో నోరు పూసి ముక్క నమలలేకపోయాడు. ఆమె పండు మెత్తగా చిదిమి, అదే కప్పులో సగం దాకా నింపడం మొదలుపెట్టింది. ఆయనకు రావలసింది తగ్గకూడదని కప్పును బల్లమీద తట్టి, గుజ్జు సర్దుకున్నాక ఇంకో చెంచా కొసరు వేసేది.

ఒక ఉదయం స్నానానికి లేవబోయి అతను కుప్పకూలాడు. కాళ్లలో పట్టు లేదు. ఆస్పత్రిలో గుండె మందగించిందన్నారు, పొటాషియం బాగా పెరిగిందన్నారు.

"ఏం పెట్టారమ్మా?" సలహాదారు అడిగింది.

"మీరు చెప్పిందే. అరకప్పు. కాకపోతే నమల్లేక మెత్తగా చేసి పెట్టాను."

"ముక్కల మధ్య ఖాళీ ఉంటుంది కదమ్మా. చిదిమితే ఆ ఖాళీలోనూ పండే పడుతుంది. నేను గ్రాముల్లో చెప్పాల్సింది."

ఆమెకు నమ్మబుద్ధి కాలేదు. కప్పు, పండు పట్టుకుని కిరాణా కొట్టుకు వెళ్లింది. "తమ్ముడూ, ఇవి కాస్త తూచు." ముక్కలు డెబ్బై గ్రాములు తూగాయి. తట్టి నింపిన గుజ్జు నూట ఇరవై దాటింది.

"ఏం వండుతున్నావక్కా?" అన్నాడు కొట్టతను. ఆమె మళ్లీ తూచమంది.

భర్త ఇంటికొచ్చాక దాచకుండా చెప్పింది. "నా చేత్తో నేనే చంపబోయాను మిమ్మల్ని."

"పోనీలే, బొప్పాయితో చంపబోయావు. కాకరకాయతో కాదుగా."

ఆమె నవ్వలేదు. ఆ రోజు నుంచి ముందు తూచి, తర్వాతే చిదిమేది. గుజ్జు కప్పు అడుగున ఎక్కడో ఉండేది. "ఇంతేనా?" అనేవాడు. "ఇంతే" అని మిషను వైపు తిరిగిపోయేది.

అయినా పొటాషియం మళ్లీ పెరిగింది.

"గ్రాము తేడా రానివ్వలేదు డాక్టరుగారూ," అంది ఆమె.

"మీ తప్పేం లేదమ్మా. రక్తం శుద్ధి చేస్తున్నా, ఒంట్లో చేరింది పూర్తిగా బయటికి పోవడం లేదు. పండు పూర్తిగా మానేద్దాం. ఇక మందులు ఎంతవరకు పనిచేస్తే అంతవరకు."

తన తప్పే అయితే దిద్దుకునేది. ఇప్పుడు దిద్దడానికి ఏమీ మిగల్లేదు.

బయట బెంచీ మీద భర్త తల ఎత్తాడు. "ఏమన్నాడే?"

"పండు వద్దన్నారు."

"ఎన్నాళ్లు?"

ఆమె వంగి, పరీక్ష కోసం విప్పిన అతని చొక్కా గుండీలు ఒక్కొక్కటీ పెట్టసాగింది.