ఎగ్జిట్ దాటేసే లెవి అన్న

లెవి అన్న హైవే మీంచి పక్కకి దిగాల్సిన ఎగ్జిట్‌లో దిగడు. ఆ మనిషిలో ఉన్న లోపం అదొక్కటే. మిగతాదంతా బంగారం. గిటార్ వాయిస్తాడు, పాడతాడు, ఆయన రొయ్యల వేపుడు చేసిన గిన్నె కడగక్కర్లేదు, జనం తుడిచిపెట్టేస్తారు. స్టీరింగ్ పట్టుకున్నాడా, బోర్డు వస్తుంది, బాణం గుర్తు వస్తుంది, ఎగ్జిట్ కూడా వస్తుంది, లెవి అన్న మాత్రం నేరుగా పోతూనే ఉంటాడు.

ఆయనది పాలకొల్లు. ఉద్యోగం అమెరికాలో, సియాటిల్ పక్కనున్న బాతెల్‌లో ఒక బయోటెక్ ల్యాబ్‌లో. అక్కడ ఆయన చేతిలో ఒక చుక్క మందు కూడా తేడా రాదని చెప్పుకుంటారు. మా తెలుగు సంఘం తరఫున యూనివర్సిటీ విద్యార్థుల పరిచర్య ఆయనే చూస్తాడు. శుక్రవారం సాయంత్రం క్యాంపస్‌లో బైబిల్ స్టడీ, ఆదివారం పొద్దున కార్లు లేని పిల్లల్ని సియాటిల్ హాస్టళ్ళ దగ్గర చర్చి వ్యాన్‌లో ఎక్కించుకుని బాతెల్‌లో ఆరాధనకి చేర్చడం. మామూలు మనుషులకి అది అరగంట ప్రయాణం. లెవి అన్నకి ఒక్కోసారి గంటన్నర.

కొత్తగా చేరినవాళ్ళని సీనియర్లు ముందే హెచ్చరించేవారు.

"పాస్‌పోర్ట్ పెట్టుకున్నావా?"

"చర్చికి పాస్‌పోర్ట్ ఎందుకు?"

"లెవి అన్న డ్రైవ్ చేస్తున్నాడు. కెనడా వెళ్ళినా వెళ్తాం."

నవ్వులాటే అనుకోండి. కానీ ఒకసారి కెనడా బోర్డర్‌కి ఎన్ని మైళ్ళో చూపించే బోర్డు కిందనుంచి వెనక్కి తిరిగిన చరిత్ర మాకుంది. ఫోన్‌లో దారి చెప్పే అమ్మాయి "యూ టర్న్ తీసుకోండి" అని చెప్పీ చెప్పీ ఆ రోజు నోరు మూసుకుంది. సిగ్నల్ పోయిందని లెవి అన్న అన్నాడు. విసుగొచ్చి మానేసిందని మేమన్నాం.

ఆయన దగ్గర సాకులకి కరువు లేదు. ట్రక్కు అడ్డం వచ్చింది. ఆ బోర్డు నిన్న లేదు, కొత్తగా పెట్టినట్టున్నారు. ఒకసారైతే, "అద్దంలో రెయినీర్ కొండ కనపడితే చూస్తా ఉండిపోయానమ్మా" అన్నాడు. బయట ధారగా వాన. కొండ సంగతి దేవుడెరుగు, ముందున్న కారే కనబడటం లేదు.

ఈ తిరుగుళ్ళన్నిటికీ చర్చి గుమ్మం దగ్గర కాచుకుని ఉండే మనిషి సత్యానందం గారు. సంఘ పెద్ద. ఆఫీసులో ఆయన పని ప్రాజెక్టులకి షెడ్యూళ్ళు వేయడం, ఆదివారం కూడా ఆ పని మానరు. ఆరాధన పదింటికంటే పదింటికే. మేము వాక్య ప్రసంగం సగంలో ఉండగా తల వంచుకుని లోపలికి వెళ్తుంటే, ఆయన లెవి అన్నని గుమ్మంలోనే పట్టుకునేవారు.

"ఏమయ్యా లెవీ, ఈవేళ పిల్లలకి ఏ ఊరు చూపించావు?"

"లిన్‌వుడ్ దాకానే అంకుల్."

"దాకానేనా? ఎంత అభివృద్ధి!"

ఇక నా సంగతి. తణుకు నుంచి ఎం.ఎస్.కి వచ్చి రెండో ఏడు చదువుతున్నాను. పేరు అబిగేల్. ఆ ఏడు లెవి అన్న నన్ను పిలిచి, "అబీ, స్టూడెంట్ లీడర్‌వి నువ్వే" అన్నాడు.

"నాకేం వచ్చన్నా?"

"టైమ్ చూడ్డం వచ్చుగా. నాకది రాదు."

ఆ మాట నేను మనస్ఫూర్తిగా నమ్మాను. నాయకత్వం అంటే అలారం పెట్టడమనే అనుకున్నాను. వాట్సాప్‌లో రిమైండర్ల మీద రిమైండర్లు పంపాను. రిమైండర్ వస్తుందని గుర్తుచేస్తూ ఇంకో రిమైండర్ కూడా పంపాను. పిల్లలు టంచనుగా వచ్చి వ్యాన్ ఎక్కేవారు. వ్యాన్ మాత్రం టంచనుగా ఎగ్జిట్ దాటేసేది.

చివరికి ఒక ఆదివారం సత్యానందం గారు నన్ను పక్కకి పిలిచారు.

"చూడమ్మా అబిగేల్, వచ్చే వారం కూడా లేటయితే వ్యాన్ తాళాలు తీసేసుకుంటాం. స్టూడెంట్స్ పని ఇంకెవరికైనా అప్పగిస్తాం. లెవి మంచోడే. మంచితనంతో ఆరాధన మొదలవదు గదా."

లెవి అన్నకి ఆ పిల్లలే లోకం. అందుకని మరుసటి ఆదివారం నేనే ముందు సీట్లో కూర్చున్నాను. మిడ్‌టర్మ్‌ల వారం కాబట్టి వెనకాల కెజియా ఒక్కతే ఉంది. కాలిఫోర్నియాలోని శాంటా క్లారా నుంచి వచ్చిన ఫస్టియర్ అమ్మాయి. "హాయ్ అక్కా", "బై అక్కా" తప్ప మూడో మాట ఆమె నోట నేనెప్పుడూ వినలేదు.

405 హైవే ఎక్కినప్పటినుంచీ నేను దారి చెబుతూనే ఉన్నాను. "అన్నా, రెండు మైళ్ళు. అన్నా, కుడి లేన్‌లోకి రా." ఆయన బుద్ధిగా కుడి లేన్‌లోకి వచ్చాడు, ఇండికేటర్ కూడా వేశాడు. గండం గడిచిందనుకున్నాను.

అప్పుడు వెనకనుంచి సన్నగా వినిపించింది. "అన్నా... నేను క్లాస్‌కి వెళ్ళట్లేదు."

వ్యాన్‌లో ఇండికేటర్ టిక్కుటిక్కుమంటోంది.

"లైక్, ఒక మంత్ నుంచి. కెమిస్ట్రీ ఫెయిల్ అయ్యాను. డాడీకి తెలీదు. నేను డాక్టర్ అవుతాను అని అందరికీ చెప్పేశారు. బ్యాగ్ ప్యాక్ చేశాను అన్నా. ఎక్కడికి వెళ్ళాలో తెలీట్లేదు."

లెవి అన్న అద్దంలోకి చూశాడు. తర్వాత బోర్డుని చూశాడు. స్పష్టంగా, నిదానంగా, అక్షరం అక్షరం చదివినట్టు చూశాడు. ఇండికేటర్ ఆపేశాడు. మా ఎగ్జిట్ కుడిపక్కన అలా వెళ్ళిపోయింది.

"అయ్యో, మిస్సయిపోయానే" అన్నాడు తాపీగా. "సర్లే, ఇంకా దూరం ఉంది. చెప్పమ్మా కెజీ."

ఎవరెట్ ఊరు దాటేదాకా ఆ అమ్మాయి చెబుతూనే ఉంది, ఏడుస్తూనే ఉంది. నేను ఫోన్ తిరగేసి ఒళ్ళో పెట్టుకున్నాను. ఇన్నాళ్ళూ ఈ మనిషికి దారి తెలియదని నవ్వామే అనుకుంటే నాకూ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

మేము చేరేసరికి చివరి ఆశీర్వాదం కూడా అయిపోయింది. సత్యానందం గారు తాళాల కోసం చెయ్యి చాపారు. నేను నోరు తెరిచేలోపు లెవి అన్న నావైపు చూసి తల అడ్డంగా ఊపి, తాళాలు ఆయన చేతిలో పెట్టేశాడు.

భోజనాలప్పుడు బిర్యానీ ప్లేటు పట్టుకుని లెవి అన్న మీద విరుచుకుపడ్డాను. "ఎందుకు చెప్పలేదన్నా?"

"అది నాకు చెప్పుకుంది అబీ, సంఘానికి కాదు. ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే ఎవరూ చెప్పరు. వెనక సీట్లోంచి మన మెడ చూస్తా అయితే చెప్తారు. తీరా మొదలెట్టేసరికి ఎగ్జిట్ వచ్చేస్తది. దిగామా, వందనాలు ఆంటీ, వందనాలు అంకుల్, ఇంక ఆ మాట మళ్ళీ లోపలికి పోద్ది."

"అయితే ఇన్నాళ్ళూ కావాలనే..."

"అన్నీ కాదులే. రెండు మూడు నిజంగానే మిస్సయ్యా."

ఆ వారం నేను ఏ రిమైండరూ పంపలేదు. కెజియాతో కలిసి యూనివర్సిటీలో ఆమె అడ్వైజర్ ఆఫీసుకి నడిచి వెళ్ళాను, బయట బెంచీ మీద కూర్చున్నాను. ఆ కోర్సు మళ్ళీ తీసుకోవచ్చన్నారు. ఇక మిగిలింది వాళ్ళ నాన్నకి చెప్పడం. అది మాత్రం ఆ పిల్ల వల్ల కావడం లేదు.

ఆదివారం వ్యాన్ సత్యానందం గారే తీశారు. నేను పాటల ప్రాక్టీసుకని ముందే చర్చికి వెళ్ళిపోయాను. లెవి అన్న తన కార్లో పదికి చాలా ముందే వచ్చేశాడు. సత్యానందం గారి భార్య దీనమ్మ ఆంటీ ఆయన్ని చూసి, గోడ గడియారం ఆగిందేమోనని దగ్గరికెళ్ళి చూసొచ్చింది.

పదయింది. వ్యాన్ రాలేదు. పాటలయ్యాయి, కానుకలయ్యాయి. వాక్యం చివరికొస్తుండగా రావలసిన వైపు నుంచి కాకుండా రెండో వైపు నుంచి వ్యాన్ వచ్చి ఆగింది. లెవి అన్న, నేను బయటికి పరిగెత్తాం. పిల్లలు దిగారు. కెజియా కళ్ళు వాచి ఉన్నాయి, మొహం మాత్రం తేటగా ఉంది.

"అక్కా, డాడీకి కాల్ చేశాను! అంకుల్ కూడా మాట్లాడారు."

"ఏమన్నారు?"

"ఫస్ట్, తిన్నావా అమ్మా అని అడిగారు."

సత్యానందం గారు కళ్ళద్దాలు తుడుచుకుంటూ దిగారు. చాలాసేపు తుడిచారు.

"అంకుల్, ఎక్కడిదాకా వెళ్ళారు?" అన్నాను ఉండబట్టలేక.

"మీ అమ్మాయి ఫెయిలైతే తిడతారా అంకుల్ అని కెజియా అడిగిందమ్మా. జవాబు వెతుక్కుంటుంటే ఎగ్జిట్ దాటిపోయింది." ఆయన లెవి అన్న వైపు తిరిగారు. "ఆ ఎగ్జిట్ కట్టినోడెవడో గానీ, సరిగ్గా మాట మధ్యలో కట్టాడయ్యా."

తాళాలు తీసి లెవి అన్న జేబులో వేశారు.

భోజనాల దగ్గర సత్యానందం గారు లేచి, గొంతు సవరించుకుని ప్రకటన చేశారు. ట్రాఫిక్ కారణంగా వచ్చే వారం నుంచి ఆరాధన పదిన్నరకి మొదలవుతుందన్నారు. ఆదివారం పొద్దున 405 మీద ట్రాఫిక్ ఎక్కడుంటుందని ఎవరూ అడగలేదు.