మా అత్తగారి బాయిలరు

నా పెళ్లయిన రెండో చలికాలం, అరవైల మొదట్లో, మా మామగారు మద్రాసు నుంచి రాగి బాయిలరు తెచ్చారు. నడుమ గొట్టంలో బొగ్గులు, చుట్టూ నీళ్లు, పక్కన కుళాయి. కొడవలూరు చుట్టుపక్కల అలాంటిది మరొకటి లేదని ఆయన చెప్పుకోని రోజు లేదు. కొన్నది మాత్రం అత్తగారి పేరు చెప్పి. ఆమెకు మోకాళ్ల వాతం. తెల్లవారేసరికి వాచిపోయి, గోడ పట్టుకుని లేచేవారు. రోజూ నూనె రాసి బాగా కాగిన నీళ్లు పోసుకోకపోతే మంచం పట్టాల్సి వస్తుందని వైద్యుడు తెగేసి చెప్పాడు. "మీ అత్త కోసరమే తెచ్చినా" అని మామగారు నాతో చెప్పారు, పాలవాడితో చెప్పారు, దారిన పోయేవాళ్లను ఆపి మరీ చెప్పారు.

నెల తిరిగినా ఆ బాయిలరు అత్తగారికి ఒక్కనాడూ వేణ్నీళ్లు ఇవ్వలేదు. ఆమె స్నానానికి వెళ్లేసరికి నీళ్లు గోరువెచ్చగా కూడా ఉండేవి కావు. మోకాళ్లకు నూనె రాసేది నేనే కాబట్టి వాపు పెరుగుతున్న సంగతి నా చేతులకు తెలుసు.

మా ఇంట్లో మగవాళ్లు నలుగురు. మామగారు, మా ఆయన, ఇద్దరు మరుదులు. నలుగురూ నిపుణులే. పెద్ద మరిది గొట్టంలో మసి పట్టిందని దులిపాడు. చిన్న మరిది బొగ్గు మంచిది కాదని సరుగుడు బొగ్గు తెప్పించాడు. మా ఆయన, ఉప్పునీళ్ల బావి కదా, లోపల సున్నం పేరుకుందని చెప్పి చింతపండు వేసి ఒక పూటంతా ఉడికించారు. రెండు రోజులు ఇంటిల్లిపాదీ చింతపులుసుతో స్నానం చేశాం. మామగారు దిష్టి తగిలిందని కుళాయికి నిమ్మకాయ కట్టించారు. సుఖంగా వేడి నీళ్లు పోసుకొచ్చిన ఈ నలుగురూ వసారాలో కూర్చుని, నీళ్లు ఎందుకు కాగడం లేదో తేల్చేవాళ్లు. "నాకు బాగనే కాగినాయే" అనేవారు మామగారు.

చివరకు బుచ్చిరెడ్డిపాలెం నుంచి కళాయి పూసే ముసలాయన్ని పిలిపించారు. ఆయన చుట్టూ తట్టి చూసి, "దీనికేం రోగం లేదు సామీ" అన్నాడు. మామగారు అతనికి పని రాదని పంపేశారు.

నాకు ఒళ్లు మండిపోయింది. మర్నాడు పని మానుకుని చూశాను. మా ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. వెనక వచ్చేవాళ్లకు నీళ్ల పాత్ర వట్టిగా వదిలితే ఇంటికి అరిష్టమట. వాడుకున్నన్ని చన్నీళ్లు తిరిగి పోసి రావాలి. గంగాళం నాటి ఆ మర్యాదను బాయిలరుకూ అంటగట్టారు. నలుగురూ, ఒకరి తర్వాత ఒకరు నీళ్లు మళ్లీ కాగేదాకా ఆగుతూ, తలా రెండు బకెట్లు వేడినీళ్లు పట్టుకుని, తలా రెండు బకెట్లు చన్నీళ్లు పోసి, పెద్ద పుణ్యం చేసినట్టు బయటికి వచ్చారు. అయిదో మనిషి అత్తగారు. పొద్దున ఒక్కసారి వేసిన బొగ్గులు అప్పటికి బూడిదయ్యాయి.

చూసింది చెప్పాను. "వట్టి బాయిలరు పెట్టమంటావా? ఇంటికి మంచిదా అది?" అన్నారు మామగారు. "అయితే అత్తను ముందు పోసుకోమనండి" అన్నాను. బూతు విన్నట్టు చూశారు. అత్తగారే కల్పించుకుని, "మగోళ్లు పోసుకోకముందు నేను పోసుకునేదేందమ్మా" అని నా నోరు మూయించారు. ఆయన మీద కన్నా ఆమె మీదే నాకు ఎక్కువ కోపం వచ్చింది.

వారం తర్వాత ఒక పొద్దున ఆమె గోడ పట్టుకుని కూడా లేవలేకపోయారు. నేను రెక్క పట్టి లేపి, మాట్లాడనివ్వకుండా స్నానాల గదిలోకి తీసుకుపోయాను. పొగలు కక్కే నీళ్లు మోకాళ్ల మీద పోస్తుంటే ఆమె ఏడ్చారు. నేనూ ఏడ్చాను. బయటికి వచ్చేముందు, ఆనవాయితీ తప్పకుండా, రెండు బకెట్లు చన్నీళ్లు నా చేత్తోనే తిరిగి పోశాను.

సంగతి తెలియక, ఆ నీళ్లు కాగకముందే స్నానానికి వెళ్లిన మామగారు తడి తువ్వాలుతోనే వసారాలోకి వచ్చి, బాయిలరు చెడిపోయిందని, కళాయి ఆయన్ని పిలవమని కేకలు పెట్టారు.

అత్తగారు వంటింటి గడపలో నిలబడ్డారు. "అది చెడిపోలా. ఈ పొద్దు నేను ముందు పోసుకున్నా. రేపు గూడా నేనే పోసుకుంటా" అన్నారు.

మామగారు తడి తువ్వాలుతోనే బావి వైపు నడిచారు.

ఆ తర్వాత మామగారు బాయిలరు ఊసెత్తలేదు. చన్నీళ్ల స్నానమే ఒంటికి మంచిదని ఊరందరికీ చెబుతూ, ఆ చలికాలమంతా బావి దగ్గరే పోసుకున్నారు. పెళ్లాం వెనక స్నానం చేయడం కన్నా ఆయనకు వణకడమే నయమనిపించింది.