క్యాంపులకెళ్లే పెళ్లికొడుకు

ఉద్యోగంలో కొత్తగా చేరిన ఆ రోజుల్లో క్యాంపు అనే మాటకి నాకు తెలిసిన అర్థం ఒక్కటే. ఆఫీసు పని మీద పొరుగూరు వెళ్లడం, లాడ్జిలో దిగడం, ఇస్త్రీ చొక్కా వేసుకుని నలుగురు రైతులతో మాట్లాడడం, కింద హోటల్లో కారప్పొడి ఇడ్లీ తిని ఫ్యాను కింద పడుకోవడం. గుంటూరులో ఒక పత్తి విత్తనాల కంపెనీ నాది. మా అమ్మ ఎవరడిగినా "మావాడు క్యాంపులో ఉన్నాడు" అని, కలెక్టరు గురించి చెప్పినంత గొప్పగా చెప్పేది. ఆ మాటకి ఇంకో అర్థం ఉందని నాకు పెళ్లయ్యాకే తెలిసింది.

సంబంధం మా పాస్టరుగారు తెచ్చారు. అమ్మాయి సైన్సు టీచరు, కాలేజీలో ఎన్‌సీసీ చేసింది. పెద్దవాళ్లు మమ్మల్ని వరండాలో వదిలి లోపలికి వెళ్లాక, సెలవుల్లో ఏం చేస్తుంటారని అడిగింది. పనిమంతుడిలా కనపడాలని, "సెలవులెక్కడివండీ, నెలకి రెండు మూడు క్యాంపులు తప్పవు" అన్నాను. ఆమె మొహం వెలిగిపోయింది. కొండల వైపు కూడా వెళ్తారా అంది. కొండవీడు వైపు, చీమకుర్తి వైపు, ఎటైనా వెళ్తానన్నాను (ఆ చుట్టుపక్కల పల్లెలన్నీ నా కిందే ఉండేవి మరి). "నాక్కూడా క్యాంపులంటే ప్రాణమండీ" అంది. మొగుడు ఊళ్లో లేకపోయినా సణగని భార్య దొరుకుతోందని మనసులోనే దేవుడికి స్తోత్రం చెప్పుకున్నాను. నాకంటే ముందు పెళ్లిచూపులకొచ్చిన ఒంగోలు బ్యాంకు ఉద్యోగిని, ఏసీ గది దాటి బయటికి రాడన్న ఒకే కారణంతో ఆవిడ కాదందని పెళ్లిపందిట్లో ఎవరో చెప్తే విన్నాను. అప్పటికీ నాకు వెలగలేదు.

పెళ్లయిన నెలలోనే వానలు మొదలయ్యాయి, మీ మొదటి క్యాంపుకి నేనూ వస్తానంది. కొండవీడు వెళ్దామంటే, దారిలో నలుగురు రైతుల్ని చూసుకోవచ్చు కదా అని సరేనన్నాను. శనివారం పొద్దున బస్టాండులో చూస్తే నా చేతిలో సూట్‌కేసు, ఆవిడ వీపున పొడుగాటి సంచీ.

"మీ టెంటు ఏదండీ? నాదాంట్లోనే ఇద్దరం సర్దుకుందామా?" అంది.

అప్పుడు అర్థమైంది. నిజం చెప్పేద్దామని నోరు తెరిచాను, బ్యాంకు ఉద్యోగి గుర్తొచ్చి మూసుకున్నాను. ఆవిడ నన్ను చేసుకున్నదే ఆ ఒక్క మాట చూసి. అదే ఉత్తదని తేలితే, నన్ను చూసి మురవడానికి ఇంకేం మిగులుతుందని భయం వేసింది. టెంటు రిపేరుకిచ్చానన్నాను. సూట్‌కేసు నెత్తిన పెట్టుకుని కొండెక్కాను. అందులో ఇస్త్రీ చొక్కాలు రెండు, సబ్బుపెట్టె, దోమల చక్రం ఉన్నాయి. టెంటు నేనే వేస్తానని పట్టుబట్టి మూడుసార్లు వేశాను, మూడుసార్లూ విరిగిన గొడుగులా వాలిపోయింది. చివరికి ఆవిడే నిలబెట్టి, "మీది వేరే రకం అయ్యుంటుంది లెండి" అని సర్దిచెప్పింది. ఆ మంచితనానికి నాకు ఇంకా సిగ్గేసింది.

ఆ ఏడు మిరపకోతలప్పుడు ఆవిడ మళ్లీ క్యాంపంటే, కొండలు తప్పించుకోవడానికి వాళ్లన్నయ్య మిరపచేను చూపించాను. చదును నేల, కేకేస్తే పలికే మనుషులు. టెంటు కింద మెత్తగా ఉంటుందని కల్లంలో మడతపెట్టి ఉన్న పెద్ద పట్టా తెచ్చి పరిచాను. అది మిరపకాయలు ఎండబోసే పట్టా అని, రైతులకి సలహాలు చెప్పి జీతం తీసుకునే నాకు తట్టనే లేదు. మధ్యాహ్నం భోంచేసి లోపల నడుం వాల్చాం. ఎండకి టెంటు వేడెక్కింది. ముందు ఆవిడ తుమ్మింది, తర్వాత నేను, ఆ తర్వాత ఎవరు తుమ్ముతున్నారో తెలియలేదు. బయటికొచ్చి పడేసరికి వాళ్లన్నయ్య నిలబడి ఉన్నాడు.

"ఏంది బావా, కాయలు పోసిన పట్టా మీదా పడుకుంది? నెలకి మూడు క్యాంపులు చేసేవోడివి, ఆమాత్రం తెల్దా?"

నా కళ్లు ధారలు కట్టాయి. ఏడుస్తున్నాననుకుని ఆవిడ చేత్తో తుడిచింది (పట్టా సర్దిన చెయ్యే అది), దాంతో ఇక నిజంగానే ఏడ్చాను. మంటకో, భయానికో తెలియదు, తుమ్ముకీ తుమ్ముకీ మధ్య లాడ్జి, ఫ్యాను, ఇడ్లీ అన్నీ చెప్పేశాను. వాళ్లన్నయ్య నవ్వాపుకోలేక చేనులోకి వెళ్లిపోయాడు. ఆవిడ మాత్రం నవ్వలేదు.

"ముందే తెలిస్తే చేసుకునేదాన్ని కాదేమో" అంది. కాసేపు ముక్కు తుడుచుకుని, మళ్లీ తనే అంది. "పెళ్లిచూపుల్లో మీరు అబద్ధం చెప్పలేదు, నేనే తప్పర్థం చేసుకున్నా. కానీ బస్టాండులో నోరు మూసుకున్నారు చూడండి, దానికి శిక్ష ఉంది. కాలానికో క్యాంపు. టెంటు మీరే వెయ్యాలి."

ఆ శిక్ష ఇప్పటికీ నడుస్తోంది. వానల్లో కొండవీడు, కోతలయ్యాక మిరపచేను (పట్టా మాత్రం మా సొంతం), ఎండాకాలం కొత్తపట్నం వైపు సముద్రం ఒడ్డున అద్దెకిచ్చే తాటాకు పాక. ఆవిడ టీ కాచేలోపు టెంటు లేపేస్తున్నాను, మోకాళ్లు ఒప్పుకున్న రోజున. నేను ఆఫీసు పని మీద ఊరెళ్తే, "ఆయన క్యాంపుకెళ్లలేదమ్మా, పాపం, డ్యూటీలో ఉన్నారు" అని వాళ్లమ్మకి ఫోనులో చెప్తుంది.

బస్టాండులో సూట్‌కేసు పట్టుకుని నోరు మూసుకున్న ఆ కుర్రాడు గుర్తొస్తే నవ్వొస్తుంది, జాలీ వేస్తుంది. చెప్పెయ్యరా అబ్బాయ్, ఆవిడెక్కడికీ పోదు అనాలనిపిస్తుంది. అంతలోనే, వద్దులే, ఊరుకో అంటాను. అప్పుడే చెప్పేసి ఉంటే, నాకీ శిక్ష పడేది కాదు.