ఎల్‌వుడ్ పక్క కుర్చీ

మా తీరంలో కొత్త ఇళ్లు లేచాక వృద్ధుల భోజనశాల కిక్కిరిసిపోతోంది. అంత జనంలోనూ ఎల్‌వుడ్ రావడం మానేశాడని వెర్నా గ్యాస్కిల్ గమనించింది. ఆవిడ అక్కడ ఏళ్ల తరబడి వండి వడ్డిస్తోంది. ఎల్‌వుడ్ ఇక్కడే పుట్టి, సముద్రంలో పీతలు పట్టి బతికినవాడు. భార్య పోయాక రోజూ మధ్యాహ్నం అక్కడే తినేవాడు.

వెర్నా చేపల సూపు, మొక్కజొన్న రొట్టె పట్టుకుని అతని ఇంటికి వెళ్లింది. అతను వరండాలో కూర్చుని ఉన్నాడు. చొక్కా ఒంటిమీద వేలాడుతోంది.

"ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉంది."

"మరి నా వంట చేదయిందా?"

"నీ వంట ఎప్పుడు బాగుంది గనక," అని నవ్వబోయి ఆగిపోయాడు. "ఆమధ్య భోజనాల దగ్గర నా పక్కాయన, 'మీరు ఎక్కణ్ణుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు?' అని అడిగాడు, వెర్నా. మంచిగానే అడిగాడులే. చుట్టూ చూస్తే నన్నెరిగిన మొహం ఒక్కటీ లేదు."

"నేను లేనా?"

"నువ్వు గరిటె పట్టుకుని తిరుగుతుంటావు. నా దగ్గర కూర్చునేదెప్పుడు?"

మర్నాడు వెర్నా గరిటె ఇంకొకరికి అప్పగించి, అతన్ని వెంటబెట్టుకుని వచ్చి పక్కనే కూర్చుంది. ఎల్‌వుడ్ పాత తుపానుల కబుర్లు చెబుతూ కడుపునిండా తిన్నాడు.

వెర్నా తలెత్తేసరికి గోడవార ఒక కొత్తావిడ ఒంటరిగా, పళ్లెం ముట్టకుండా కూర్చుని ఉంది. ఎల్‌వుడ్ చెబుతున్న కబురు మధ్యలో వదిలి లేవలేక, ఆవిడ వైపు చూస్తూ ఉండలేక, వెర్నాకు ఆ పూట ముద్ద దిగలేదు.