మోతకు ముందు

కామారెడ్డిల నా రూమ్మేట్ మెటల్ సంగీతం చేసేటోడు. గిటార్ మోతకు ముందు, కంప్యూటర్ల చేసిన సన్నటి సప్పుడు దూరంగ బోరుమోటర్ గుయ్యిమన్నట్టు చానసేపు నడిచేది. నేను ఇసుక్కుంటే అరచెయ్యి ఎత్తి, "ఆగన్నా, వస్తది" అనేటోడు.

ఎల్లారెడ్డిల ఒక కాలేజీ ఫంక్షన్‌ల బతిమాలి వానికి అవకాశం ఇప్పించిన. ఆ సన్నటి సప్పుడు ఇని, బాక్సులు ఖరాబైనయనుకొని మైక్‌సెట్టాయన వైరు పీకి డీజే పాట పెట్టిండు. పిల్లలు ఎగిరిండ్రు.

సంగతి తెలిసినంక ఆయనే వచ్చి, "గిటార్ మోత ఒక్కటే కొట్టు తమ్మీ, వైరు మళ్ల పెడత" అన్నడు. మావోడు ఒప్పుకోలే. గిటార్ సంచిల పెట్టిండు.

"కొడితే ఏం పోతుండె?" అని బస్సుల కోపం చేసిన.

"ఉత్త మోతయితే పిండిగిర్ని గూడ చేస్తదన్నా" అన్నడు.

ఆ తర్వాత మావోన్ని ఏ ఫంక్షన్‌కు ఎవలూ పిలువలే. ఆ మాట యాదికొస్తే నాకు ఇప్పటికీ మండుతది.