బండి తుప్పు పట్టకుండా చూసుకో అవ్వా

నాకు కోపం ఎక్కువ. ఇది నేనొక్కణ్ణే చెప్పుకునే మాట కాదు, పెనుకొండలో మా వీధి వీధంతా చెప్పే మాట. ముందు అరిచేసి, తర్వాత ఆలోచించి, ఆపైన ఎవరి మొహమూ చూడలేక పక్కసందులోంచి పోయే రకం నేను. ఇప్పుడు కొంచెం తగ్గిందంటారు. తగ్గడానికి కారణం మాత్రం మా అవ్వ, ఒక బండి వెనక బ్రేకు.

తొంభైల మధ్యలో మాట. హిందూపురంలో ఒక ఆఫీసులో గుమస్తాగా పనిచేస్తూ పెనుకొండ నుంచి రోజూ బండి మీద పోయి వచ్చేవాణ్ణి. అమ్మా నాయనా కొత్తచెరువు పక్క పల్లెలో సేద్యం చూసుకునేవాళ్ళు. పెనుకొండ ఇంట్లో ఉన్నది నేను, మా అవ్వ, అవ్వ ఎనుము. ఆ ఎనుము అవ్వ చేతికి తప్ప ఇంకెవరి చేతికీ పాలిచ్చేది కాదు. నేనొకసారి చెంబు పట్టుకుని దగ్గరికి పోతే కాలితో చెంబును గోడకు కొట్టింది. చెంబు సొట్ట ఇంకా అట్లాగే ఉంది.

దీపావళి దాటిన వారానికి మా ఆఫీసువాళ్ళు నన్ను మూణ్ణెల్ల శిక్షణకు హైదరాబాదు పంపించారు. బండిని చెనక్కాయల మూటలుండే గదిలోకి తోసి, స్టాండు వేసి, పాత దుప్పటి కప్పాను. బస్సుకు టైమైపోతోంది. వాకిట్లో నుంచే కేకేసి చెప్పాను.

"బండి తుప్పు పట్టకుండా చూసుకో అవ్వా."

"నువ్వు పోయిరా నాయనా, నేను చూసుకుంటా కదా" అంది.

అంతకు మించి నేను చెప్పలేదు, ఆమె అడగలేదు.

చలి ఇంకా వదలని రోజుల్లో, ఒక శుక్రవారం సాయంత్రం తిరిగి వచ్చాను. కాళ్ళు కడుక్కుంటుండగానే అవ్వ విషయం చెప్పింది. ధర్మవరంలో ఉండే ఆమె చెల్లెలికి, అంటే మా చిన్నవ్వకు, రెండు కళ్ళలోనూ పొర వచ్చి రెండేళ్ళుగా మనుషులు మసకమసగ్గా కనిపిస్తున్నారు. ముందు ఒక కంటికి ఆపరేషన్ చేశారు. ఆదివారం పొద్దున తొమ్మిదికి కట్టు విప్పుతారు.

"కట్టిప్పేటప్పుడు నా ఎదురుగా నువ్వుండాల అక్కా, ముందు నీ మొగమే చూడాలని చెప్పి పంపించిందిరా" అంది అవ్వ. "నేనొస్తానని మాటిచ్చినా. నన్ను బండి మీద తీసుకుపోతావా?"

నాకు నవ్వొచ్చింది. అవ్వ ఎప్పుడూ బండెక్కలేదు. కానీ లెక్క చూస్తే వేరే దారి లేదు. బస్సెక్కితే మొదటి మలుపులోనే ఆమెకు వాంతి. ప్యాసింజరు రైలు ధర్మవరం చేరేసరికి కట్టు విప్పడం అయిపోతుంది. ముందురోజే పోయి పడుకుందామంటే ఎనుము ఒప్పుకోదు. కోడికూతకే పాలు పిండి బయలుదేరి, సాయంత్రం పాలవేళకు ఇల్లు చేరాలంటే బండే గతి.

"తీసుకుపోతాలే అవ్వా" అన్నాను. ఆ సాయంత్రమంతా అవ్వ పెట్టెలోంచి ఒక చీర తీసి, మడిచి, మళ్ళీ ఇంకొకటి తీస్తూనే ఉంది.

శనివారం పొద్దున దుప్పటి తీసి చూస్తే బండి తళతళలాడుతోంది. ఎక్కడా చుక్క తుప్పు లేదు. పాత పెట్రోలు తీసేసి కొత్తది పోశాను, ప్లగ్గు తుడిచాను, పది కిక్కులకు బండి దగ్గి దగ్గి లేచింది. మా వీధి బస్టాండు వైపు బాగా పల్లం. ఆ పల్లంలో వెనక బ్రేకు తొక్కాను. బండి ఆగలేదు. ఇంకా గట్టిగా తొక్కాను. అది నా మాట వినే ఉద్దేశం లేకుండా తిన్నగా టీకొట్టు బల్ల దాకా పోయింది. ముందు బ్రేకు పిసికేస్తే, బల్ల మీద కూర్చున్న పెద్దాయన చేతిలో టీ గ్లాసుకు జానెడు దూరంలో ఆగింది.

"హైదరాబాదులో ఇదేనా నేర్చుకునొచ్చింది?" అన్నాడాయన, గ్లాసు కింద పెట్టకుండానే.

ఇంటికి తోసుకొచ్చి పానా పట్టుకుని కూర్చున్నాను. బ్రేకు రాడ్డు చివర మర బిగించాను. పెడలు గట్టిపడింది గానీ చక్రం ఆగలేదు. ఇంకా బిగించాను. ఈసారి తొక్కకుండానే చక్రం రాసుకుంటూ తిరిగింది, తొక్కితే మాత్రం జారుకుంటూ పోతోంది. వదులు చేశాను, బిగించాను, మళ్ళీ వదులు చేశాను. చివరికి టైరును ఒక తన్ను తన్నాను. టైరుకేమీ కాలేదు, నా బొటనవేలు వాచింది.

అప్పుడు నా బుర్రకు తట్టింది, ఇది మెకానిక్ చేసిన నిర్వాకమే అని. శిక్షణకు పోయే ముందు బండి సర్వీసు చేసింది ఆయనే. కుంటుకుంటూ బండి తోసుకుని ఆయన షెడ్డుకు పోయాను. యాభై ఏళ్ళ మనిషి, నింపాదిగా ఒక చైను కడుగుతున్నాడు. చుట్టూ నలుగురైదుగురు బండ్లవాళ్ళున్నారు. వాళ్ళందరి ముందూ నోటికొచ్చినట్టు అరిచాను. పని చేతకాకపోతే షెడ్డు మూసుకోమన్నాను. రేపు చిన్నవ్వ కంటికట్టు విప్పగానే ముందు మా అవ్వ మొహమే చూడాలంది, ఆమెను ఎక్కించుకుని ధర్మవరం పోవాలి, ఆమెకేమన్నా అయితే ఎవరిది బాధ్యత అన్నాను.

ఆయన అంతా విని, చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు. "అరిచేది అయిపోయిందా అప్పా? అయితే బండి ఇట్లా తోయి."

పెడలు తొక్కి చూశాడు. రాడ్డు లాగి చూశాడు. "ఈడ అంతా బాగానే ఉండాది" అని చక్రం ఊడదీశాడు. లోపల చక్రాన్ని ఒరుసుకుని ఆపే బ్రేకు షూలు బయటికొచ్చాయి. నల్లగా, తడిగా మెరుస్తున్నాయి. వేలితో రాసి వాసన చూసి, ఆ వేలు నా ముక్కు దగ్గర పెట్టాడు.

"ఇది గ్రీజు కాదప్పా. నువ్వే చూడు."

ఆముదం.

మా ఇంట్లో శుక్రవారం శుక్రవారం అవ్వ ఇనుమన్నదానికల్లా ఆముదం పెడుతుంది. తలుపు కీలు, గడియ, కొడవలి, గడ్డపార, బావి గిలక, దేన్నీ వదలదు. మూణ్ణెల్లూ ప్రతి శుక్రవారం నా బండికీ పెట్టింది. పైన తుడిచి ఊరుకోలేదు. చక్రం దగ్గర బ్రేకు రాడ్డు వచ్చి తగిలే కీలులో ప్రత్యేకంగా చెంచాతో పోసింది. అదంతా మెల్లగా లోపలికి దిగితే షూలు తాగేశాయి. నేను చూసుకో అన్నాను, ఆమె చూసుకుంది.

ఈ సంగతి నాకు అర్థమవుతున్న క్షణంలోనే అవ్వ షెడ్డులోకి వచ్చింది. బండి సంగతి కనుక్కుందామని కర్ర పట్టుకుని అంత దూరం నడిచొచ్చింది. "ఏమైందప్పా, రేపటికి అయితాదా?"

నాకు తిక్క నెత్తికెక్కింది. నోరు తెరిచాను. నాకంటే ముందు మెకానిక్ మాట్లాడాడు.

"తప్పు నాదే అవ్వా. పోయినసారి గ్రీజు జాస్తిగా పూసినా. సాయంత్రానికి చేసిస్తా, నువ్వు దిగులు పడాకు."

అవ్వ వంగి ఆయన చేతిలోని షూను కాసేపు చూసింది. తర్వాత నా వైపు తిరిగి, "ఆ అబ్బిని ఏమీ అనాకు నాయనా, తప్పు ఎవురైనా చేస్తారు" అని, కర్ర ఊతంతో వెళ్ళిపోయింది. ఎంత పెద్ద మనసో అనుకున్నాను.

"అట్లెందుకు చెప్పినావన్నా?" అని మెకానిక్‌ను అడిగాను.

"ఆముదం ఎవురు పోసినారో నీ మొగం చూస్తానే తెలిసింది. ముసలామెను నలుగురిలో అరుస్తావేమో అనిపించింది. నన్నంటే ఎట్లాగూ అరిచేసినావు, నాకు కొత్తగా పొయ్యేదేముంది?"

సిగ్గుతో చచ్చిపోయాను. క్షమించమని అడగాల్సింది పోయి, ఆ షూలు తుడిస్తే పనికొస్తాయా అని అడిగాను.

నూనె తాగిన షూలు ఎంత తుడిచినా మళ్ళీ పట్టవట. కొత్తవి పెనుకొండలో దొరకలేదు. మధ్యాహ్నం ఎండలో బస్సెక్కి హిందూపురం పోయి, మూడు అంగళ్ళు తిరిగి తెచ్చాను. నేను వచ్చేలోగా ఆయన చక్రం లోపలంతా పెట్రోలుతో కడిగి ఆరబెట్టి ఉంచాడు. పొద్దు వాలేవేళకు మళ్ళీ మా పల్లంలో బండి వదిలి బ్రేకు తొక్కాను. టీకొట్టుకు పది బారల ముందే ఆగింది. పెద్దాయన గ్లాసెత్తి చూపించాడు.

ఆదివారం అవ్వ ఒకవైపుగా కూర్చుని, నా చొక్కాను వెనక నుంచి గుప్పిట్లో పట్టుకుంది. ధర్మవరం చేరేదాకా ఆ పట్టు వదల్లేదు. తొమ్మిదికి ముందే ఆసుపత్రిలో ఉన్నాం. డాక్టరు కట్టు విప్పాడు. చిన్నవ్వ కన్ను చికిలించి, ఎదురుగా ఉన్న మొహాన్ని చూసి, చూసి, చెయ్యి చాపి ఆ బుగ్గ పట్టుకుంది.

"ఏమక్కా ఇంత ముసల్దానివైపోయినావు?"

"నువ్వు అద్దం చూసుకో, అప్పుడు మాట్లాడు" అంది అవ్వ. ఇద్దరూ నవ్వారు. కన్ను తడి కాకూడదని డాక్టరు కోప్పడేదాకా ఏడ్చారు కూడా. నాకూ కళ్ళు తడిశాయి, దాచడమెందుకు.

తిరుగు దారిలో పెనుకొండ కొండ కనిపించేటప్పుడు వెనక నుంచి అవ్వ మాట వినిపించింది.

"రేయ్, ఆముదం పోసింది నేనే."

"నీకెప్పుడు తెలిసింది అవ్వా?"

"ఆ అబ్బి చేతిలో వాసన తగల్తానే. నేను కాచిన ఆముదం నాకు తెలీదా?"

"మరి అప్పుడే చెప్పలేదేం?"

"చెప్తే నువ్వు ఊరంతా వినేట్టు అరిచి, బండి ఆడే పారేసి పోతావు. ఈపొద్దు నా చెల్లెలు కన్ను తెరిచేటప్పటికి నేను ఎనుము దగ్గర కూర్చోనుందును."

ఆమె అన్నది నిజం. అవ్వ నాకు భయపడి నోరు మూసుకుందనే సంగతి నన్ను ఇంటిదాకా పోనివ్వలేదు. షెడ్డు ముందర బ్రేకు తొక్కాను, ఆగాం. ఆదివారం కాబట్టి మెకానిక్ పని లేకుండా మెట్ల మీద కూర్చుని ఉన్నాడు.

"అన్నా, నిన్న నలుగురిలో నిన్ను అరిచినా. తప్పు నీది కాదు, అవ్వది కూడా కాదు, చూసుకోమని చెప్పి పోయిన నాది. మనసులో పెట్టుకోవద్దు" అన్నాను.

ఆయన నా వైపు చూడలేదు. బండి మీద నుంచి నా చొక్కా పట్టుకునే దిగుతున్న అవ్వను చూశాడు.

"మీ చెల్లెలు నిన్ను చూసిందా అవ్వా?"

"చూసింది నాయనా, బాగా చూసింది" అంది అవ్వ.